నీకు తెలియకముందే

రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో ఆఖరున చేసే పని పాలు తోడుపెట్టడం. కాచిన పాలు ఆరనిస్తాం. వేలు ముంచి చూస్తాం. చురుక్కుమంటే ఇంకాసేపు ఆగుతాం. మరీ చల్లారిపోతే మళ్ళీ పొయ్యి మీద పెడతాం. గోరువెచ్చగా ఉన్న ఆ కాసేపట్లోనే చెంచాడు పెరుగు వేసి, కలిపి, మూతపెట్టి, గిన్నె ఓ మూలన ఉంచి, లైటు ఆర్పేసి వచ్చేస్తాం.

ఆ తర్వాత మన చేతిలో ఏమీ లేదు. ఎంత అనుభవమున్న ఇల్లాలైనా పక్కన కూర్చుని త్వరగా తోడుకోమని పాలను తొందరపెట్టలేదు. మాటిమాటికీ మూత తీసి గిన్నె కదిపితే ఉన్నదీ చెడుతుంది. అందుకే పెద్దవాళ్ళు "దాన్ని కదపకండ్రా" అని పిల్లల మీద ఓ కేకేసి పడుకుంటారు.

పైకి పాలు పాలలాగే ఉంటాయి. లోపల పని మొదలైపోయి ఉంటుంది.

ఇవాళ్టి ధ్యానం ముఖ్యంగా ఒక చెల్లెలి కోసం. బిడ్డ కోసం ఎదురుచూసి, రోజులు లెక్కపెట్టి లెక్కపెట్టి అలిసిపోయిన చెల్లెలి కోసం. మిగతావాళ్ళు కూడా పక్కన కూర్చుని వినండి. ఏదో ఒకదాని కోసం ఎదురుచూడనివాళ్ళు మనలో ఎవరున్నారు?

చెల్లెమ్మా, ఫోన్‌లో ఆ తారీఖుకు గుర్తు పెట్టుకున్నావు కదూ? అలమరలో చీరల అడుగున పరీక్ష కిట్ దాచిపెట్టావు. లేదా ఆసుపత్రిలో పిండాన్ని లోపల పెట్టి, రెండు వారాల తర్వాత రక్తపరీక్షకు రమ్మని పంపించారు. అప్పటినుంచి నడిచినా భయమే, తుమ్మినా భయమే. కాస్త కడుపు లాగితే మంచికా చెడుకా అని అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతున్నావు. పెళ్ళికి వెళ్తే ఎవరో ఒకరు చేయి పట్టుకుని "ఏమైనా విశేషమా?" అని అడుగుతారు. నవ్వి తప్పుకుంటావు. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఎంత బరువో నీకే తెలుసు.

నీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఏమిటి? లోపల ఏం జరుగుతోందో తెలియకపోవడమే కదా?

రా, ఆ తెలియని రోజుల్లో ఏం జరుగుతుందో కాసేపు కలిసి చూద్దాం. శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఓపికగా వెతికి తెలుసుకున్న సంగతులివి. వీటిని చదివినప్పుడల్లా నాకు ప్రార్థన చేయాలనిపిస్తుంది. అందుకే ఇవాళ నీకు చెబుతున్నాను.

అండం ఫలదీకరణ చెందేది గర్భాశయంలో అనుకుంటాం గానీ, అది జరిగేది గర్భాశయానికి పక్కనున్న సన్నని నాళంలో. అక్కడినుంచి ఆ ఒక్క కణం రెండై, నాలుగై, ఎనిమిదై, మెల్లగా కిందికి ప్రయాణిస్తుంది. మూడు నాలుగు రోజులకు గర్భాశయంలోకి చేరుతుంది. ఐదారు రోజులకు వందా రెండు వందల కణాలున్న ఒక చిన్న ముద్ద. దాని పొడవు మిల్లీమీటరులో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. తన చుట్టూ ఉన్న పలుచని పెంకులాంటి పొరను చీల్చుకుని అది బయటికొస్తుంది. ఇంకా దేనికీ అతుక్కోలేదు. తల్లికి తన సంగతి తెలియదు.

ఇటు తల్లి గర్భాశయం కూడా ఖాళీగా కూర్చోలేదు. అండం విడుదలైన చోట అండాశయంలో ఒక చిన్న పసుపురంగు గ్రంథి తయారై ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. ఆ గ్రంథి సారానికి గర్భాన్ని నిలబెట్టే శక్తి ఉందని 1929లో అమెరికాలోని రోచెస్టర్‌లో జార్జ్ కార్నర్, విల్లర్డ్ ఆలెన్ కుందేళ్ళలో చూపించారు. ఆ హార్మోన్ ప్రభావంతో గర్భాశయం లోపలి పొర మెత్తబడుతుంది, దళసరి అవుతుంది. అందులోని గ్రంథులు పోషకాలు స్రవించడం మొదలుపెడతాయి. చాలా జంతువుల్లో పిండం వచ్చాకే ఈ ఏర్పాటు పూర్తిగా మొదలవుతుంది. మనుషుల్లో మాత్రం ప్రతి నెలా, ఎవరైనా వస్తున్నారో లేదో తెలియకముందే, తల్లి ఒళ్ళు ఈ ఏర్పాటు మొదలుపెట్టేస్తుంది.

ప్రతి నెలా, చెల్లెమ్మా. నువ్వు ఆశ వదిలేసుకున్న నెలల్లో కూడా.

అయితే ఆ పొర ఎప్పుడు పడితే అప్పుడు పిండాన్ని పట్టుకోదు. దానికి ఒక సమయముంది. 28 రోజుల నెలసరిలో ఇంచుమించు 20వ రోజు నుంచి 24వ రోజు దాకా, కొద్ది రోజులు మాత్రమే. గోరువెచ్చని పాల సంగతి గుర్తు చేసుకో. ముందైతే పొర సిద్ధంగా ఉండదు, ఆలస్యమైతే ఆ వేళ దాటిపోతుంది. ఆ కొద్ది రోజుల్లోనే పిండం అక్కడికి రావాలి. వచ్చిన పిండమూ, ఎదురుచూస్తున్న పొరా ఒకదానికొకటి కబుర్లు పంపుకోవాలి. ఆ కబుర్లు మాటలు కావు, అణువులు. ఒక కణం వదిలిన ప్రోటీన్ పక్క కణం మీదున్న గ్రాహకానికి తగులుతుంది. ఆ కణం లోపల కొన్ని జన్యువులు మేల్కొంటాయి, కొన్ని నిద్రపోతాయి. అంతే. కానీ ఆ అంతలోనే ఒక మనిషి జీవితం మొదలవడమో మొదలవకపోవడమో ఉంది.

ఆ కబుర్లలో ఒకదాని గురించి 1992లో తెలిసింది. కోలిన్ స్టీవర్ట్ బృందం ఎలుకల్లో ఒకే ఒక్క జన్యువును తీసేసి చూసింది. అది ఎల్‌ఐఎఫ్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు. మామూలుగా ఎలుకల్లో నాలుగో రోజున గర్భాశయ గ్రంథులు ఆ ప్రోటీన్‌ను వదులుతాయి. జన్యువు తీసేసిన ఆడ ఎలుకల్లో అండాలు బాగానే ఉన్నాయి. పిండాలూ ఏర్పడ్డాయి. కానీ ఒక్కటీ అతుక్కోలేదు. గర్భాశయంలో అలా తేలుతూ ఉండిపోయాయి. వాటినే తీసి మామూలు ఆడ ఎలుకల గర్భాశయాల్లో పెడితే చక్కగా నిలిచి, పిల్లలుగా పుట్టాయి.

పిండాల్లో ఏ లోపమూ లేదు. ఆ తల్లులు వాటిని కాదనలేదు. ఒక్క కబురు అందలేదు.

దీన్ని విని "అయితే ఆ ఒక్కటీ ఇచ్చేస్తే సరిపోతుందిగా" అని నీకు అనిపిస్తుంది. వైద్యులకూ అలాగే అనిపించింది. పిండం మళ్ళీ మళ్ళీ నిలవని స్త్రీలకు ఐవీఎఫ్‌లో ఆ ప్రోటీన్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు. 2009లో ఫలితాలు ప్రచురించారు. లాభం కనబడలేదు. మనిషి ఒంట్లో ఈ కబుర్లు ఒకటి రెండు కావు, చాలా ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి, ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి.

నువ్వు రాత్రిళ్ళు వెతుకుతున్నది కూడా ఒక్క కారణం కోసమే కదూ? ఆ రోజు అలా చేయకపోయి ఉంటే, ఆ నెల ఊరికి వెళ్ళకపోయి ఉంటే, రెండేళ్ళు ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే అని. వందల కణాల మధ్య, అన్ని అణువుల మధ్య, నీకు తెలియని వేళలో జరిగే పని అది. దాని బాధ్యతంతా నీ ఒక్కదాని నెత్తిన ఎవరు పెట్టారు? దేవుడైతే పెట్టలేదు.

ఇంకొక సంగతి చెబుతాను. నాకు దీని దగ్గర చాలాసేపు ఆగాలనిపిస్తుంది.

1994లో సుధాంశు కుమార్ డే అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల్లో ఒక విషయం గమనించింది. ఆయన మన దేశం నుంచి అమెరికా వెళ్ళి, జీవితమంతా ఈ ఒక్క విషయం మీదే పనిచేసిన మనిషి. పిండం వచ్చి గర్భాశయంలో ఒకచోట ఆగుతుంది. ఇంకా అతుక్కోలేదు. అతుక్కోవడానికి కొన్ని గంటల ముందే ఆ చోట తల్లి కణాల్లో హెచ్‌బీ-ఈజీఎఫ్ అనే ప్రోటీన్ తయారవడం మొదలైంది. గర్భాశయం పొడుగునా కాదు. పిండం ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ, దాని చుట్టూ ఉన్న కణాల్లో మాత్రమే. పిండం లేని చోట ఆ జాడే లేదు.

ఆ తర్వాత 2001లో అదే బృందం, పిండమంత చిన్న పూసలను ఆ ప్రోటీన్‌లో నానబెట్టి ఎలుక గర్భాశయంలో పెట్టి చూసింది. పూస చుట్టూ ఉన్న కణజాలం, నిజంగా పిండమే వచ్చిందన్నట్టు స్పందించింది. వచ్చినవారి పక్కనున్న కణాలు ఎంత శ్రద్ధగా కాచుకుని ఉంటాయో చూడు.

కంటికి ఆనని అంత చిన్న ప్రాణం. ఇంకా వేరు పట్టలేదు. పేరు లేదు. వచ్చిన సంగతి తల్లికే తెలియదు. అయినా అది ఆగిన చోటనే, దాన్ని అతికించుకోకముందే, దానికి జవాబు తయారవుతోంది.

ఈ ఏర్పాటు చేసినవాడు నిన్ను మరిచిపోతాడా?

139వ కీర్తన రాసిన భక్తుడి దగ్గర సూక్ష్మదర్శిని లేదు. ప్రోటీన్ల పేర్లు అతనికి తెలియవు. అయినా తల్లి గర్భంలో తాను రూపం దాల్చకముందే తనను చూసిన కళ్ళ గురించి పాడాడు. నేను ఈ పరిశోధనల గురించి చదివినప్పుడు ఆ కీర్తన నాకు చిన్నదైపోలేదు. దేవుడు చూసే చోటు నేననుకున్నదానికంటే ఇంకా లోతుగా ఉందని అర్థమైంది. మన ఆసుపత్రి స్కానింగులో ఏమీ కనబడని రోజుల్లో కూడా ఆయన చూపు అక్కడ ఉంది. నీ మీదా ఉంది. నువ్వు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నప్పుడు కూడా.

ఇక పిండం అతుక్కోవడం ఎలా మొదలవుతుంది? 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని శాస్త్రవేత్తలు దానిలో ఒక మెట్టు చెప్పారు. రక్తంలో వేగంగా కొట్టుకుపోయే తెల్ల కణాలు ఎక్కడైనా ఆగాల్సి వస్తే, ఎల్-సెలెక్టిన్ అనే ప్రోటీన్‌తో రక్తనాళపు గోడను కొంచెం కొంచెం పట్టుకుంటూ వేగం తగ్గించుకుంటాయి. అదే ప్రోటీన్ మనిషి పిండం పైకణాల మీద కూడా ఉందని వాళ్ళు కనుక్కున్నారు. అది పట్టుకునే చక్కెర అణువులు తల్లి గర్భాశయపు పొర మీద సరిగ్గా ఆ కొద్ది రోజుల్లోనే ఎక్కువవుతాయి. ముందు పిండం నెమ్మదిస్తుంది. తర్వాత తగులుతుంది. తర్వాత గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాతే లోపలికి దిగుతుంది.

ఎంత నెమ్మదో చూడు. ఒక్క దూకులో ఏదీ జరగదు.

లోపలికి దిగాక ఆ చిన్న ప్రాణం చేసే మొదటి పనుల్లో ఒకటి తల్లికి కబురు పంపడం. హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను వదులుతుంది. అండాశయంలోని ఆ పసుపురంగు గ్రంథి, ఎవరూ రాకపోతే రెండు వారాల్లో వాడిపోవాల్సినది. అది వాడిపోతే ప్రొజెస్టిరాన్ తగ్గి నెలసరి వచ్చేస్తుంది. హెచ్‌సీజీ రక్తంలో కలిసి అక్కడికి చేరి, "నేను వచ్చాను, ఆగిపోవద్దు" అని చెబుతుంది. గ్రంథి తన పని కొనసాగిస్తుంది. మావి పెరిగి ఆ బాధ్యత తాను తీసుకునేదాకా కొన్ని వారాలు ఇలాగే నడుస్తుంది. ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు అడిగారు, ఒళ్ళంతా విన్నది.

నీ కిట్ మీద కనబడే రెండో గీత ఆ కబురే. అందుకే ముందే చూస్తే ఏమీ కనబడదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో అలెన్ విల్కాక్స్ బృందం, గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీల మూత్రాన్ని ప్రతిరోజూ పరీక్షించింది. ఆరు వారాలు దాటి నిలిచిన గర్భాల్లో 84 శాతం, అండం విడుదలైన తర్వాత 8, 9, 10వ రోజుల్లోనే అతుక్కున్నాయని 1999లో వాళ్ళు ప్రచురించారు. మరి ఆరో రోజునో ఏడో రోజునో కిట్ విప్పి చూసి, ఒక్క గీతే ఉందని నేల మీద కూర్చుని ఏడిస్తే ఎలా అమ్మా? అప్పటికి జవాబు రావాల్సిన వేళే కాలేదు.

వేళ కోసం ఆగడం మనుషుల్లోనే కాదు, అడవిలోనూ ఉంది. యూరప్ అడవుల్లో రో జింక అని ఒక చిన్న జింక ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో అది జతకడుతుంది. పిండం ఏర్పడుతుంది. కానీ గర్భాశయంలో అతుక్కోదు. శరదృతువు గడుస్తుంది, మంచు పడుతుంది, డిసెంబరు చివరో జనవరో వచ్చేదాకా ఆ పిండం అలాగే ఉంటుంది. 1854లోనే బిషాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. చాలాకాలం ఆ నెలల్లో అది పూర్తిగా నిద్రపోతుందనుకున్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆగిపోదు. అతి నెమ్మదిగా, వారాల తరబడి, కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది. వేళ వచ్చాక అతుక్కుంటుంది. మే, జూన్ నెలల్లో పచ్చగడ్డి లేచేసరికి పిల్ల పుడుతుంది. ఆ నెలలు వృథా పోలేదు. చలికాలంలో పుట్టి ఉంటే ఆ పిల్ల బతికేది కాదు.

నీ ఆలస్యం కూడా ఇలాంటిదేనని, తప్పకుండా ఇలాగే ముగుస్తుందని నేను చెప్పను. నాకు ఆ మాట చెప్పే అధికారం లేదు. సృష్టిలో ఆలస్యం ఉన్న చోట దేవుడు తన చేయి తీసేసుకోలేదని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు కష్టమైన సంగతి. చెప్పకుండా దాటేస్తే నిన్ను మోసం చేసినట్టే.

విల్కాక్స్ బృందం 1988లో ప్రచురించిన లెక్క ఒకటుంది. ఆ 221 మందిలో 198 గర్భాలు మొదలయ్యాయి. వాటిలో 22 శాతం, గర్భం వచ్చిందని స్త్రీకి తెలియకముందే ముగిసిపోయాయి. తర్వాత పోయినవాటితో కలిపితే 31 శాతం. అవి ఆరోగ్యంగా ఉన్న, సాధారణ స్త్రీల గర్భాలు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా, పిండం క్రోమోజోముల్లో ఉన్న తేడా వల్ల పోతాయి.

అంటే నువ్వు నీళ్ళ బిందె ఎత్తినందుకు పోలేదు. మెట్లెక్కినందుకు పోలేదు. ఆ రోజు స్కూటర్ మీద వెళ్ళినందుకు, ఆఫీసులో పొద్దుపోయేదాకా కూర్చున్నందుకు, మీ ఆయనతో గొడవపడి ఏడ్చినందుకు పోలేదు. పిండాన్ని లోపల పెట్టాక రెండు వారాలూ మంచం దిగకుండా పడుకుంటే నిలుస్తుందన్నదానికీ ఆధారం లేదు. మామూలుగా నడవవచ్చు, పని చేసుకోవచ్చు.

పక్కన వింటున్న అత్తగారూ, పిన్నిగారూ, మీకూ ఒక మాట. మీరు ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. కానీ "నువ్వే ఏదో చేసుంటావు" అన్న ఒక్క మాట ఒక ఆడపిల్లను ఏళ్ళ తరబడి లోపల తినేస్తుంది. ఆ మాట ఇవాళ్టితో మానేద్దామా?

సంఘంలో కూడా కొన్ని మార్చుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. సాక్ష్యాల సమయంలో మైకులో పేరు పిలిచి, "ఈ సహోదరికి పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా గర్భఫలం లేదు" అని అందరి ముందు నిలబెట్టి ప్రార్థన చేస్తాం. ఆమె తలవంచుకుని నిలబడుతుంది. అది మేలు చేస్తున్నామనుకుని చేసే గాయం. ఆమె అడిగితే, ఆమె ఇంట్లో, ఇద్దరు ముగ్గురు కూర్చుని ప్రార్థించండి. "ఇంకా విశ్వాసం కావాలి, ఇంకో నలభై దినాల ఉపవాసం కావాలి" అని లెక్కలు చెప్పకండి. ఒట్టి కడుపుతో మందులు మింగే పిల్లకు ఉపవాసం చెప్పడం ఏ ప్రేమ?

బైబిల్లో బిడ్డల్లేని హన్నా గుర్తుందా? షిలోహులో దేవుడి మందిరంలో ఆమె పెదవులు కదుపుతూ, గొంతు పైకి రాకుండా ప్రార్థించింది. ఏటేటా సవతి పెనిన్నా పొడిచే మాటలు ఆమె వెంటే ఉన్నాయి. భర్త ఎల్కానా ప్రేమించినా ఆమె తిండి మానేసేది. యాజకుడైన ఏలీ ఆమెను చూసి తాగి వచ్చిందనుకున్నాడు. ఎంత అవమానం! ఆమె తన మనసులోని దుఃఖం ఆయనకు చెప్పుకుంది. ఆయన సమాధానంతో వెళ్ళమని దీవించాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో జాగ్రత్తగా చూడు. అప్పటికి ఆమె గర్భవతి కాలేదు. ఇంటికి కూడా వెళ్ళలేదు. ఏమీ మారలేదు. అయినా ఆమె లేచి వెళ్ళి అన్నం తిన్నది. ముఖంలో ముందున్న దిగులు లేదు.

సమూయేలు పుట్టాక పాట పాడిన హన్నా గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం. నాకైతే ఆ రోజు అన్నం తిన్న హన్నా అంటే ఇంకా ఇష్టం. చేతిలో ఏ రుజువూ లేకుండా, తన దుఃఖాన్ని దేవుడి ముందు పెట్టి వచ్చి, ముద్ద కలుపుకుంది. బిడ్డ వచ్చాక నమ్మడం ఎవరికైనా తేలిక. కంచం ముందు కూర్చున్న ఆ పూట నమ్మడమే కష్టం.

హన్నాకు సమూయేలు పుట్టాడు. అందరికీ అలా జరగదు. దేవుణ్ణి ఎంతో ప్రేమించిన ఇళ్ళల్లో కూడా ఊయల ఖాళీగానే ఉండిపోయింది. వాళ్ళను ఆయన తక్కువగా ప్రేమించాడని ఎవరైనా అంటే నమ్మకు. రక్తపరీక్ష కాగితం నీ గర్భం సంగతి చెబుతుంది. నువ్వు ఆయనకు ఎవరివో చెప్పే కాగితం అది కాదు.

అయితే ఇవాళ మనం ఏం చేద్దాం?

ఆసుపత్రిలో చెప్పిన రోజు వచ్చేదాకా కిట్ విప్పకు. చేతికి అందేచోట ఉంటే మనసు ఆగదు. మీ ఆయన చేతికిచ్చి దాచిపెట్టమను. ప్రొజెస్టిరాన్ మందు రాసిచ్చి ఉంటే వేళ తప్పకుండా వాడు. మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టు కాదు. కార్నర్, ఆలెన్‌ల నుంచి ఇవాళ్టి దాకా ఎందరో చేసిన కష్టాన్ని కూడా దేవుడే నీ మేలు కోసం వాడుతున్నాడు. రక్తస్రావం కనబడితే, కడుపులో ఓ పక్కన పదునైన నొప్పి వస్తే, కళ్ళు తిరిగితే మాత్రం ప్రార్థన చేస్తూ ఇంట్లో కూర్చోకు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

రాత్రి తొమ్మిది దాటాక లక్షణాల గురించి ఫోన్‌లో వెతకడం మానెయ్. అక్కడ ఒకరి కథ నీకు ఆశ పెడుతుంది, ఇంకొకరి కథ నిద్ర తీసేస్తుంది. రెండూ నీ కథ కావు.

"విశేషమా?" అని అడిగేవాళ్ళకు ఒక జవాబు ముందే అనుకుని పెట్టుకో. "ఉంటే మేమే చెబుతాం పిన్నీ" అంటే చాలు. ఆ జవాబు ఎప్పుడూ నువ్వే చెప్పాలని లేదు. ఈసారి మీ ఆయన్ను చెప్పమను. ఆయనా ఈ రోజులు లెక్కపెడుతూనే ఉన్నాడు. మగవాళ్ళకు ఏడవడానికి మన ఇళ్ళల్లో చోటు తక్కువ. అందుకే ఆయన మౌనంగా ఉంటే నీ మీద కోపమనుకోకు. రాత్రి ఒకసారి అడుగు, "నీకెలా ఉంది?" అని. ఇద్దరూ కలిసి రెండు నిమిషాలు ప్రార్థించండి. పెద్ద మాటలు అక్కర్లేదు. ఇలా అనండి చాలు:

తండ్రీ, లోపల ఏం జరుగుతోందో మాకు తెలియదు. నీకు తెలుసు. ఈ రోజుకు మాకు కావలసిన నెమ్మది ఇవ్వు. మేము ఒకరినొకరు నిందించుకోకుండా కాపాడు. రిపోర్టులో ఏం వచ్చినా నువ్వు మా దగ్గరే ఉంటావని నమ్ముతున్నాం. ఆమేన్.

తర్వాత లేచి అన్నం తిను. ఇవాళ ఆకలి లేదని పడుకోవద్దు.

ఇంకొక పని మిగిలింది. రిపోర్టు తెచ్చుకునే రోజు ఒక్కదానివే వెళ్ళకు. ఆ కాగితం చేతిలోకి వచ్చినప్పుడు నీ పక్కన ఎవరుండాలో ఇవాళే ఆలోచించు. మీ ఆయనకు సెలవు దొరక్కపోతే మీ అక్కో, సంఘంలో నీ మాట బయటపెట్టని స్నేహితురాలో. సంతోషమైతే నీతో సంతోషించేవాళ్ళు, కాకపోతే "ఎందుకిలా అయింది" అని అడగకుండా నీతో ఆటోలో ఇంటిదాకా వచ్చేవాళ్ళు. పేరు గుర్తొచ్చిందా? అన్నం తిన్నాక ఆమెకు ఫోన్ చెయ్. తారీఖు చెప్పి, ఆ పొద్దున నీతో రమ్మని అడుగు.